రక్తం ఒకటే, అంకె వేరు

ఇద్దరు మనుషుల్ని ఊహించుకోండి. ఇద్దరికీ ఒకే వయసు, ఇద్దరూ మగవారే, ఇద్దరి రక్తంలోనూ క్రియాటినిన్ (కండరాల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడకట్టాలి) సరిగ్గా ఒకే మోతాదులో ఉంది. 2015లో అమెరికాలోని ఏదో ఒక ప్రయోగశాలలో ఇద్దరూ రక్తం ఇచ్చారు. కిడ్నీలు ఏ మేరకు పనిచేస్తున్నాయో చెప్పే అంకె (అది తగ్గేకొద్దీ కిడ్నీలు అంత దెబ్బతిన్నట్టు) మొదటి వ్యక్తి నివేదికలో 18 అని వచ్చింది. రెండో వ్యక్తి నివేదికలో దాదాపు 21. రెండో వ్యక్తి నల్లజాతీయుడు. ఆ సంగతి ఆసుపత్రి రికార్డులో ఉంది కాబట్టి కంప్యూటర్ 18ని 1.159తో గుణించింది. అంతే తేడా.

మూడు పాయింట్లకే ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. అమెరికాలో కిడ్నీ మార్పిడి కోసం పేరు నమోదు చేసుకునే వ్యక్తికి ఇంకా డయాలిసిస్ మొదలుకాకపోతే, ఆ అంకె 20కి గాని అంతకన్నా కిందికి గాని దిగాకే నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. ఎవరు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారన్నది కిడ్నీ ఎవరికి దక్కాలో తేల్చే అంశాల్లో చాలా ముఖ్యమైనది. మొదటి వ్యక్తి వరుసలో నిలబడిపోయాడు. రెండో వ్యక్తి అదే రక్తంతో, అదే జబ్బుతో గుమ్మం బయట ఉండిపోయాడు.

ఈ గుణకారం వెనక ఎవరి కుట్రా లేదు. 1999లో ఒక సూత్రం వచ్చింది, 2009లో దాన్ని మెరుగుపరిచి ఇంకొకటి తెచ్చారు. ఆ పరిశోధనల్లో పాల్గొన్న నల్లజాతీయులకు కిడ్నీ పనితీరు ఇతరులతో సమానంగా ఉన్నా క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువగా కనిపించింది. దాన్ని సరిచేయడానికే గుణకం పెట్టారు. వీళ్లకు కండ ఎక్కువ కాబోలు అని ఒక వివరణ తగిలించారు. దానికున్న ఆధారం పలచనే. నిన్న నైజీరియాలోని లాగోస్ నుంచి వచ్చిన విద్యార్థి, తరతరాలుగా అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న రైతు, తెల్లతల్లికీ నల్లతండ్రికీ పుట్టిన బిడ్డ, అందరికీ ఒకటే గుణకం. తెలుగులో జాతి అనే మాట కులం నుంచి దేశం దాకా ఎన్నో బరువులు మోస్తుంది. అమెరికా ఆసుపత్రిలో మాత్రం అది దరఖాస్తులో మనిషి పెట్టిన ఒక టిక్కు. ఆ టిక్కు వెళ్లి కిడ్నీ లెక్కలో కూర్చుంది. కంప్యూటరే లెక్క కట్టేస్తుంటే ఆ గుణకారాన్ని తరచి చూసే తీరిక ఎంతమంది వైద్యులకు ఉంటుంది?

2021 సెప్టెంబరులో కిడ్నీ వైద్యరంగంలోని రెండు జాతీయ సంస్థలు కలిసి జాతి ప్రసక్తి లేని కొత్త సూత్రాన్ని సిఫారసు చేశాయి. అవయవ మార్పిడిని నడిపే జాతీయ వ్యవస్థ 2022లో జాతి గుణకాన్ని వాడకూడదని కట్టడి చేసింది. నాకు అంతకన్నా నచ్చింది దాని తరవాతి అడుగు. 2023 జనవరి నుంచి ప్రతి మార్పిడి కేంద్రమూ తన జాబితాలోని నల్లజాతి రోగుల పాత రికార్డులు తిరగేయాలి. గుణకం లేకపోతే ఏ తేదీకి 20కి దిగి ఉండేవారో చూసి, వారి నిరీక్షణ కాలాన్ని ఆ తేదీకి జరపాలి. గడువు ఏడాది. 2024 మార్చి మధ్య నాటికి 14,300 మందికి పైగా రోగుల నిరీక్షణ కాలం ఇలా మారింది. ఒక్కొక్కరికి సగటున రెండేళ్లు కలిసొచ్చాయి.

వైద్యంలో జాతి అంతరాలు అనగానే మన కళ్లముందు మెదిలేది రోగిని ఈసడించుకునే వైద్యుడి ముఖం. అటువంటివారు లేకపోలేదు. కానీ ప్రభుత్వ విధానం మనిషి మనసులోకి దూరి దాన్ని కడగలేదు. నిధులకు పెట్టే షరతును, దరఖాస్తులోని గడిని, లెక్కలోని గుణకాన్ని మాత్రం మార్చగలదు. గత అరవై ఏళ్ల అమెరికా అనుభవం తిరగేస్తే అంతరాలు తగ్గిన చోటల్లా అలాంటిదేదో ఒకటి మారి ఉంటుంది.

లెక్క తేలింది, తరవాత?

సమస్య ఎంత పెద్దదో ప్రభుత్వమే అధికారికంగా ఒప్పుకున్నది 1985లో. రీగన్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రిగా ఉన్న మార్గరెట్ హెక్లర్ వేసిన బృందం నల్లజాతీయులు, ఇతర అల్పసంఖ్యాకుల ఆరోగ్యంపై నివేదిక ఇచ్చింది. శ్వేతజాతీయుల మరణాల రేటే అందరికీ ఉండి ఉంటే జరగకపోయేవని చెప్పదగిన మరణాలు ఏటా దాదాపు 60,000 అని తేల్చింది. మరుసటి ఏడాది అల్పసంఖ్యాకుల ఆరోగ్యానికి ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది.

అయితే ఆ మరణాలన్నీ వైద్యుడి గదిలో తప్పిపోయినవి కావు. మంచినీళ్లు, ఇల్లు, ఉద్యోగం, పక్కనే ఉన్న ఫ్యాక్టరీ పొగ, అన్నీ అందులో కలిసి ఉన్నాయి. వైద్యం వాటా ఎంత అన్న ప్రశ్నకు జవాబు వెతకమని అమెరికా కాంగ్రెస్ అడిగితే, జాతీయ వైద్య సంస్థ 2002లో పెద్ద అధ్యయనం వెలువరించింది. బీమా, ఆదాయం, వయసు, జబ్బు తీవ్రత సమానంగా ఉన్నవారిని పోల్చినా అల్పసంఖ్యాకులకు అందే వైద్యం నాసిగా ఉందన్నది దాని సారం. పేదరికం పోతే ఇదీ పోతుందిలే అనే సులువైన సమాధానానికి అక్కడితో నూకలు చెల్లాయి.

రెండు నివేదికలనూ గౌరవిస్తూనే ఒక మాట అనాలి. నివేదికలు రావడానికి ముందే ఈ అంతరాల్లో ఒకదాన్ని అమెరికా ప్రభుత్వం నాలుగు నెలల్లో చావుదెబ్బ కొట్టింది. ఎలా కొట్టిందో తెలిస్తే విధానం అంటే ఏమిటో సగం అర్థమవుతుంది.

1966 వేసవి

ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడు ఉండేవారు. పంటికి చీము పట్టిన రోగి ఒకరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. నల్లజాతీయుల ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదు. ఊళ్లో మరో రెండు మంచి ఆసుపత్రులు ఉన్నా అవి చేర్చుకోలేదు. ఆ రెండూ ప్రజల పన్నుల డబ్బు కూడా తీసుకుని కట్టుకున్నవే. ఆసుపత్రుల నిర్మాణానికి కేంద్రం సాయం చేసే 1946 నాటి చట్టంలో ‘వేరుగా ఉన్నా సమానంగా ఉంటే చాలు’ అనే వెసులుబాటు ఉంది. సిమ్‌కిన్స్ మరికొందరు వైద్యులను, రోగులను కూడగట్టి 1962లో దావా వేశారు. 1963లో అప్పీలు కోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది. 1964లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది వచ్చిన పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం, కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపకూడదంది.

చట్టం ఉంది, తీర్పు ఉంది, ఆసుపత్రుల్లో గోడలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని కదిల్చింది వృద్ధులకు కేంద్రమే బీమా ఇచ్చే మెడికేర్. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జులై 30న దానిపై సంతకం చేశారు, అమలు 1966 జులై 1 నుంచి. కోటీ తొంభై లక్షల మంది వృద్ధుల చికిత్స ఖర్చు ఇకపై కేంద్రం చెల్లిస్తుంది. ఆ డబ్బు కావాలనుకునే ఆసుపత్రి ముందుగా వివక్ష లేదని నిరూపించుకోవాలి. వార్డులు కలిపారా, భోజనశాల కలిపారా, నల్లజాతి వైద్యులకు తమ రోగుల్ని చేర్చే హక్కు ఇచ్చారా అని చూడటానికి తనిఖీదారులు ఊరూరా తిరిగారు. తనిఖీ రోజున రోగుల్ని కలిపి పడుకోబెట్టి, మర్నాడు మళ్లీ విడదీసిన ఘనులూ ఉన్నారు. ఆ సంగతి లోపల పనిచేసే నల్లజాతి సిబ్బందే బయటికి చేరవేసేవారు. నాలుగు నెలలు తిరక్కుండానే వెయ్యికి పైగా ఆసుపత్రులు గోడలు తీసేశాయి.

ఎవరికీ శిక్షణ తరగతులు పెట్టలేదు. ఎవరి చేతా ప్రతిజ్ఞ చేయించలేదు. డబ్బు కావాలా, గోడ కావాలా తేల్చుకోమన్నారు. ఫలితం శ్మశానాల్లో కనిపించింది: మిసిసిపీ పల్లెల్లో నిమోనియాతో, విరేచనాలతో చనిపోయే నల్లజాతి పసిపిల్లల సంఖ్య ఆ తరవాతి కొన్నేళ్లలో గణనీయంగా పడిపోయిందని ఆర్థికవేత్తలు తరవాత లెక్కగట్టారు. రెండూ ఆసుపత్రిలో సెలైన్‌తోనో యాంటీబయాటిక్‌తోనో నయం చేయగలిగిన జబ్బులే.

అదే చట్టం విడిచిపెట్టిన చోటేమిటో కూడా చూడాలి. మెడికేర్‌లో ఆసుపత్రుల చెల్లింపులు ఒక భాగం, వైద్యుల ఫీజులు ఇంకో భాగం. ఆ రెండో భాగం కేంద్ర ఆర్థిక సాయం కిందికి రాదని ప్రభుత్వమే వ్యాఖ్యానించుకుంది. వైద్యులు అలిగి పథకానికి దూరమవుతారన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. అలా ఆసుపత్రి గోడ కూలింది గాని సొంత క్లినిక్ తలుపు జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆ వ్యాఖ్యానాన్ని ఆరోగ్యశాఖ అధికారికంగా మార్చుకునేసరికి 2024 వచ్చింది.

రాష్ట్రాల చేతిలో తాళం

పేదలకు బీమా ఇచ్చే మెడికెయిడ్ కథ వేరు. ఖర్చును కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి కాబట్టి తాళంచెవి రాష్ట్రాల దగ్గర ఉంటుంది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం, పేదరికపు రేఖకు 138 శాతం లోపు ఆదాయం ఉన్న పెద్దలందరికీ దాన్ని విస్తరించాలంది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. నేటికీ పది రాష్ట్రాలు విస్తరించలేదు. టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా, మిసిసిపీ, దక్షిణ కరోలినా, టెనెసీ వాటిలో ఉన్నాయి. అమెరికా నల్లజాతీయుల్లో సగానికి పైగా ఉండేది దక్షిణాదిలోనే. ఆ రాష్ట్రాల నిర్ణయంలో జాతి అన్న మాట ఎక్కడా రాదు. వరదకు ఊరు తెలియదు, పల్లం తెలుసు.

బాలింతల మరణాలు దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తాయి. 2023లో ప్రతి లక్ష కాన్పులకు శ్వేతజాతి తల్లులు 14.5 మంది చనిపోతే నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. ఈ లెక్క కాన్పయ్యాక 42 రోజుల వరకే. గర్భంతో ముడిపడిన మరణాల్లో సుమారు 30 శాతం ఆ గడువు దాటాక, ఏడాదిలోపు జరుగుతున్నాయని మరో సమీక్షలో తేలింది. అమెరికాలో పది కాన్పుల్లో నాలుగింటి ఖర్చు భరించే మెడికెయిడ్, కాన్పు కోసం చేరిన తల్లికి 60 రోజులకే రక్షణ ఆపేయడానికి వీలుండేది. గుండె బరువెక్కి, కాళ్లు వాచి, మూడో నెలలో వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన తల్లికి సరిగ్గా అప్పుడే బీమా ఉండదు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని ఏడాదికి పొడిగించే అవకాశం రాష్ట్రాలకు ఇచ్చారు. మెడికెయిడ్ విస్తరణ వద్దన్న దక్షిణాది రాష్ట్రాలు సహా దాదాపు అన్నీ తీసుకున్నాయి.

తాళం తీసినట్టే మళ్లీ వేయవచ్చు కూడా. 2018లో ఆర్కాన్సా రాష్ట్రం మెడికెయిడ్ పొందే పెద్దలు నెలకు 80 గంటలు పనిచేసినట్టు చూపించాలని షరతు పెట్టింది. కొన్ని నెలల్లోనే 18,000 మందికి పైగా బీమా పోగొట్టుకున్నారు. చాలామంది అప్పటికే పనిచేస్తున్నవారు, లేదా మినహాయింపు దొరకాల్సినవారు. పని లేక కాదు, పని చేస్తున్నట్టు నమోదు చేయలేక వారి బీమా పోయింది. 2019లో కోర్టు దాన్ని ఆపింది. 2025 జులై 4న సంతకమైన చట్టం అదే 80 గంటల షరతును విస్తరణ పొందినవారికి దేశవ్యాప్తంగా పెట్టింది. 2027 జనవరి నాటికి అమలు కావాలి. ఆ చట్టం మొత్తంగా 2034 నాటికి బీమా లేనివారి సంఖ్యను దాదాపు కోటి పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. ఆ కోటిమందిలో ఎవరెవరు ఉంటారో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

జాతి పేరెత్తని వివక్ష

2019లో ఒక ప్రముఖ విజ్ఞాన పత్రికలో వచ్చిన అధ్యయనం చాలామంది కళ్లు తెరిపించింది. ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో ఎంపిక చేయడానికి ఆసుపత్రులు వాడే ఒక కంప్యూటర్ సూత్రంలో జాతి ప్రస్తావనే లేదు. అది చేసేదల్లా ఈ రోగి మీద వచ్చే ఏడాది ఎంత ఖర్చవుతుందో అంచనా కట్టడం. ఖర్చు ఎక్కువైతే జబ్బు ఎక్కువ అని దాని తర్కం. వైద్యం అందని మనిషి మీద ఖర్చు కూడా ఉండదు కదా! నల్లజాతి రోగులు ఎక్కువ జబ్బుతో ఉన్నా ఖర్చు తక్కువ కాబట్టి ఆరోగ్యవంతుల జాబితాలో పడ్డారు. ఖర్చు బదులు జబ్బునే కొలిస్తే అదనపు సంరక్షణకు ఎంపికయ్యేవారిలో నల్లజాతీయుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమూ ఇదే గోతిలో పడగలదు. డిశ్చార్జి అయిన రోగి నెలలోపు మళ్లీ చేరితే ఆసుపత్రికి కోత విధించే పద్ధతిని మెడికేర్ 2012లో మొదలుపెట్టింది. ఇంటి దగ్గర చూసుకునే దిక్కులేని, మందులు కొనుక్కోలేని రోగులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రులకే కోత ఎక్కువ పడింది. పేదల ఆసుపత్రి ఇంకా పేదదైంది. 2016లో చట్టం మార్చి, పేద రోగుల వాటా ఒకేలా ఉన్న ఆసుపత్రుల్ని తమలో తాము పోల్చుకునేలా చేశారు.

ఇక పనిచేసినవి. చిన్న రాష్ట్రం డెలావేర్ 2002 తరవాత పెద్దపేగు క్యాన్సర్ మీద పట్టుబట్టింది. బీమా లేనివారికి పరీక్ష ఉచితం, క్యాన్సర్ బయటపడితే రెండేళ్లదాకా చికిత్స కూడా ఉచితం. దీనికి తోడు ఆసుపత్రుల్లో రోగిని వెంటబెట్టుకుని తిప్పే నర్సులు. కొలొనోస్కోపీ (గొట్టపు కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అంటే ముందురోజు ఉపవాసం, పేగు శుభ్రం చేసే మందు, ఒకరోజు కూలి పోవడం, మత్తు దిగాక ఇంటికి తీసుకెళ్లే తోడు. ఈ నాలుగింటిలో ఏది తప్పినా పరీక్ష తప్పుతుంది. ఆ నర్సు చేసేది ఈ నాలుగూ తప్పకుండా చూడటమే. న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ 1990లో రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. డెలావేర్‌లో 2009 నాటికి పరీక్ష చేయించుకున్న నల్లజాతీయుల శాతం 48 నుంచి 74కు చేరి శ్వేతజాతీయులతో సమానమైంది. మరణాల్లో తేడా దాదాపు మాసిపోయింది.

ఆదివాసీ తెగల కథ ఇంతకన్నా తక్కువమందికి తెలుసు. వారి కోసం 1997లో కాంగ్రెస్ ప్రత్యేక మధుమేహ నిధి పెట్టింది. కిడ్నీని కాపాడే రక్తపోటు మందులు తొందరగా మొదలుపెట్టడం, మొత్తం తెగను ఒక జాబితాగా పెట్టుకుని ఎవరు పరీక్షకు రాలేదో వెతకడం, ఊళ్లోనే మధుమేహం గురించి బోధించేవారిని నియమించడం. 1996 నుంచి 2013 వరకు మధుమేహం వల్ల కిడ్నీలు పూర్తిగా దెబ్బతినడం ఆ పెద్దల్లో 54 శాతం తగ్గింది. అప్పట్లో మరే వర్గంలోనూ అంత తగ్గుదల లేదు.

మన గడి ఏది?

అమెరికాలో తెలుగువారు లక్షల్లో ఉన్నారు. ఆసుపత్రి దరఖాస్తులో చాలాచోట్ల వారికి దొరికే గడి ఒక్కటే: ఆసియన్. అందులో జపాన్ సంతతి ఉంది, వియత్నాం శరణార్థులున్నారు, గుంటూరు నుంచి వెళ్లిన ఇంజినీరూ ఉన్నాడు. సగటు తీస్తే ఆసియన్ల ఆరోగ్యం దేశంలోనే బాగుంటుంది, మన ఇంజినీరు ఆ సగటు వెనక దాక్కుంటాడు. దక్షిణాసియా వారికి గుండెజబ్బు, మధుమేహం ముందుగా, తక్కువ బరువుకే వస్తాయని 2010 నుంచి వారిని ప్రత్యేకంగా గమనిస్తున్న మసాలా అధ్యయనం వంటివి చెబుతున్నాయి. నిజంగానే దాని పేరు అదే. అమెరికా మధుమేహ సంఘం 2015 నుంచి ఆసియన్లకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 23 దగ్గరే మధుమేహ పరీక్ష చేయమంటోంది. ఉచిత పరీక్షలకు ప్రాతిపదికైన ప్రభుత్వ నిపుణుల బృందం ప్రధాన సిఫారసు మాత్రం 25 దగ్గరే ఉంది. ఆసియన్లకు 23 సముచితం కావచ్చని వివరణలో చెప్పింది. బీఎంఐ 24 ఉన్న నలభై ఏళ్ల తెలుగాయన ఆ రెండంకెల మధ్య ఇరుక్కున్నాడు.

ఇక్కడే ముడి బిగుస్తుంది. కిడ్నీ లెక్కలోంచి జాతిని తీసేయాలన్నాం. బరువు లెక్కలో మూలాన్ని చేర్చాలంటున్నాం. ఇది రెండు నాల్కల మాటలా అనిపిస్తే తప్పులేదు, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ అంకె చేసే పని చూడండి. కిడ్నీ గుణకం బలహీనమైన ఊహ మీద నిలబడి చికిత్సను వాయిదా వేసింది. బీఎంఐ 23 జబ్బు గణాంకాల మీద నిలబడి ఒక రక్తపరీక్షను ముందుకు తెస్తోంది, అది పొరపాటైనా పోయేది ఒక చుక్క రక్తం. అందుకే ఫలానా సూత్రంలో జాతి ఉండాలా వద్దా అన్న వాదనను నేను మొత్తంగా ఒకేసారి తేల్చను.

చట్టపరంగా గాలి ఇప్పుడు ఎదురుగా ఉంది. 2023లో కళాశాల ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని సుప్రీంకోర్టు కొట్టేశాక ఆరోగ్య పథకాలూ ఆ మాట వాడటానికి జంకుతున్నాయి. ఇంగ్లిషు రానివారికి కేంద్ర నిధులు పొందే సంస్థలు భాషాసాయం చేయాలన్న 2000 నాటి అధ్యక్ష ఉత్తర్వును 2025 మార్చిలో రద్దుచేశారు. 2010 ఆరోగ్య చట్టంలోని వివక్ష నిషేధ సెక్షన్ కింద దుబాసీ హక్కు మాత్రం నిలిచే ఉంది. మనవళ్లను చూడటానికి వెళ్లి ఛాతీనొప్పితో ఆసుపత్రిలో చేరిన నానమ్మ తరఫున కొడుకు మాట్లాడటం మామూలే. ‘మీ నాన్నగారి ముందు చెప్పలేను’ అని ఆమె అన్న మాట ఆ కొడుకు ఇంగ్లిషులోకి మార్చడు. తెలుగు దుబాసీని అడగవచ్చని, అందుకు డబ్బు కట్టనక్కర్లేదని తెలిసినవారు తక్కువ.

చివరిగా, మన ఇళ్లలోకి వచ్చిన ఒక వస్తువు. 2021 వేసవిలో ఆక్సీమీటర్ కోసం మందుల దుకాణాల ముందు నిలబడని తెలుగు కుటుంబం అరుదు. అంకె 94 కిందికి దిగితే పరుగెత్తమన్నారు. అప్పటికి కొన్ని నెలల ముందే, 2020 డిసెంబరులో, మిషిగన్ ఆసుపత్రి రోగుల లెక్కలు అచ్చయ్యాయి. పరికరం 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా ధమని రక్తంలో అసలు ఆక్సిజన్ 88 కన్నా తక్కువున్న సందర్భాలు శ్వేతజాతీయుల్లో 3.6 శాతం, నల్లజాతీయుల్లో 11.7 శాతం. వేలిలోంచి వెలుగు పంపి కొలిచే పరికరాన్ని చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం తికమక పెడుతుంది. ఆ పరికరాలను పదిమంది మీద పరీక్షించి, వారిలో ఇద్దరు నల్లని చర్మం వారుంటే చాలని అమెరికా నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకాల్లో అంది. 2025 జనవరి ముసాయిదాలో ఆ సంఖ్యను 150కి పెంచి, రకరకాల చర్మ ఛాయలు ఉండాలని చెప్పింది. అది కూడా వైద్యానికి వాడే పరికరాలకే, దుకాణంలో దొరికే చౌకరకానికి కాదు.

మా సొరుగులో అప్పుడు కొన్నది ఇంకా ఉంది. ఇది రాస్తూ దాని పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాను. తయారైన నెల ఉంది, బ్యాటరీలు ఎటు పెట్టాలో బొమ్మ ఉంది. ఎవరి వేళ్ల మీద పరీక్షించారో ఎక్కడా లేదు.